మదనపల్లె సాక్ష్యము

చిత్తూరు సీమకు పడమటి అంచున, కన్నడ దేశమును ఆనుకొని యున్న ఎత్తైన మెట్టభూములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లు కలవు. మదనపల్లె టమాటాల మార్కెట్టుకు, పుంగనూరు పొట్టి ఆవులకు, కుప్పము మూడు రాష్ట్రముల కూడలికి పేరుపడినవి. పటము తీసి చూచినచో ఈ మూడింటికిని మరియొక పొత్తు కనబడును. మూడు ఊళ్లును భూమధ్యరేఖకు ఉత్తరమున పదమూడవ డిగ్రీ అక్షాంశమునకు కొంచెము అటునిటుగా నున్నవి.

ఈ 13 అను అంకె 1994లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వెలువడిన ఒక పట్టికలో చేరినది. క్షయరోగమునుండి బి.సి.జి. టీకా మనుష్యులను ఎంతవరకు కాపాడును అను ప్రశ్నకు ప్రపంచమంతట దొరకిన సాక్ష్యములను ఒకచోట చేర్చి తూచిన పట్టిక అది. అందులో కెనడా ఉన్నది, ఇంగ్లండు ఉన్నది, హైతీ ఉన్నది. వాటి సరసన మదనపల్లె చుట్టుపట్ల పల్లెలలో జరిగిన పరీక్షయు ఉన్నది. ఒక మెట్టప్రాంతపు పల్లెల లెక్క ప్రపంచపు లెక్కలోనికి ఎట్లు చేరినది, చేరి ఏమి చెప్పినది అనునదే ఈ ప్రసంగ విషయము.

క్షయకు మందు లేని కాలమున మంచిగాలి, విశ్రాంతి, బలమైన ఆహారము, ఇవే వైద్యము. అందుచేత వైద్యులు పొడిగాలి వీచు ఎత్తైన ప్రదేశములను వెదకి, అక్కడ శానటోరియములు కట్టించెడివారు. మదనపల్లె సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. 1910 తరువాతి సంవత్సరములలో కొన్ని క్రైస్తవ మిషను సంఘములు కలసి దాని చెంతనే యూనియన్ మిషన్ క్షయరోగ శానటోరియమును నెలకొల్పినవి. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి ఆద్యుడు. ఆ చోటికి ఆరోగ్యవరము అని పేరు వచ్చినది. దక్షిణదేశమున నలుమూలలనుండి రోగులు అక్కడికి వచ్చెడివారు. అక్కడ పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమిన్ తరువాత కాలమున భారత ప్రభుత్వమునకు క్షయరోగ విషయములలో సలహాదారు అయినారు.

ఆ దినములలో ఇంటిలో ఒకరికి క్షయ వచ్చినదన్న మాట బయటికి పొక్కనిచ్చెడివారు కారు. పొక్కినచో ఆ యింటి ఆడపిల్లకు సంబంధము కుదురుట కష్టము. దగ్గు ముదిరి నెత్తురు పడిన తరువాత గాని రోగి ఆస్పత్రి గడప ఎక్కెడివాడు కాడు. శానటోరియములో పడకలు వందలలో నుండగా, దేశములో రోగులు లక్షలలో నుండిరి. వచ్చిన రోగమును కుదుర్చుటకంటె రానీయకుండ చేయుట మేలు గదా అను ఆలోచన అందరికిని కలిగినది. ఆ ఆలోచనకు బి.సి.జి. టీకా ఒక ఆశను చూపినది.

ఈ టీకా కథ ఫ్రాన్సు దేశమున ఆవుకు సోకిన క్షయక్రిమితో ఆరంభమైనది. పాశ్చరు సంస్థకు చెందిన కాల్మెట్, గేరాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1908 మొదలు 1921 వరకు, 13 ఏండ్లపాటు, ఆ క్రిమిని ఎద్దు పైత్యరసములో ఉడికించిన బంగాళదుంప ముక్కలపై పెంచుచు, ఒక ముక్కనుండి మరియొక ముక్కకు 230 సార్లు మార్చినారు. అంతటితో క్రిమి సజీవముగనే ఉండి, రోగము కలిగించు శక్తిని పోగొట్టుకొన్నది. 1921లో పారిసులో మొదటిసారి ఒక శిశువునకు దానిని ఇచ్చినారు. కాని 1930లో జర్మనీలోని లూబెక్ నగరమున ఘోరమైన ప్రమాదము జరిగినది. అక్కడి ప్రయోగశాలలో టీకామందులో తీవ్రమైన క్షయక్రిములు కలసిపోగా, దానిని పుచ్చుకొన్న శిశువులలో 70 మందికి పైగా మరణించిరి. తప్పు టీకాది కాదు, కలిపినవారిది అని తేలినను, తల్లుల మనస్సులలో నాటిన భయము తేలికగా పోలేదు.

మన దేశములో బి.సి.జి. టీకా వేయుట 1948 ఆగస్టులో మొదలైనది. మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. టీకామందు తయారుచేయుటకు అదే సంవత్సరము మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో ప్రయోగశాల ఏర్పడినది. 1951 నాటికి దేశవ్యాప్తముగ పెద్దయెత్తున టీకాల ఉద్యమము సాగినది. దానితో పెద్ద వివాదమును రేగినది. మద్రాసు రాష్ట్రమునకు 1954 వరకు ముఖ్యమంత్రిగ నుండిన చక్రవర్తి రాజగోపాలాచారి 1955లో ఈ టీకాను తాను ఎందుకు వ్యతిరేకించుచున్నానో తెలుపుచు ఒక చిన్న పుస్తకమునే ప్రకటించినారు. ఆరోగ్యముగ నున్న బిడ్డల దేహములోనికి సజీవక్రిములను మూకుమ్మడిగ ఎక్కించుట తగదని ఆయన వాదించినారు. అటు ప్రభుత్వ వైద్యులు టీకా నిరపాయకరమనియు, మేలు చేయుననియు చెప్పినారు. పాశ్చాత్య దేశములలోను ఏకాభిప్రాయము లేదు. స్కాండినేవియా దేశములు టీకాను గట్టిగ నమ్మినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములు దానిని అందరికిని వేయుటకు ఒప్పుకొనలేదు. పెద్దలు పెద్దలతో తగవులాడుచుండగా, చంటిబిడ్డను చంకనెత్తుకొని వరుసలో నిలిచిన తల్లి ఎవరి మాట నమ్మవలెను?

ఇట్టి తగవును వాదముతో తీర్చుటకు వీలులేదు. పరీక్షించి చూడవలెను. ఆరోగ్యవరమున తరువాతి తరములో పనిచేసిన యోహానెస్ ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరులు 1950లో ఆ పనికే పూనుకొన్నారు. రోగులు తమకడకు వచ్చువరకు వేచియుండక, వారే పల్లెలకు వెళ్లినారు. ట్యూబర్క్యులిన్ అను ద్రవమును చర్మములో కొద్దిగ ఎక్కించి, పొంగిన వాపును కొలిచినారు. వాపు పొంగినచో క్షయక్రిమి ఆ దేహములో అంతకుముందే ప్రవేశించినదని గుర్తు. ఎక్స్‌రే తీసినారు, కఫమును పరీక్షించినారు. క్రిమి ఇంకను సోకనివారిని ఏరి, ఒకరికి టీకా వేసి మరియొకరికి వేయకుండ, మార్చి మార్చి రెండు వర్గములుగ విడదీసినారు. పిమ్మట ఏండ్ల తరబడి వారిని కనిపెట్టియుండి, ఎవరికి రోగము వచ్చినదో లెక్క వ్రాసినారు.

ఈ పని చెప్పినంత సులభము కాదు. పల్లెలో నేడు కనబడినవాడు మరునాడు కూలికై ఊరు వదలును. పెండ్లియైన పిల్ల అత్తవారింటికి పోవును. ఒకే పేరు గలవారు ఒకే వీధిలో పదిమంది యుందురు. ఒక్కసారి సూదికి చేయి చాచినవాడు మరల ఎక్స్‌రేకు రమ్మన్నచో పొలము పని విడిచి వచ్చునన్న నమ్మకము లేదు. అట్టి చోట వేల మంది వివరములను ఏండ్ల తరబడి తప్పిపోకుండ నిలిపినది ఆ వైద్యుల ఓర్పు ఒక్కటే కాదు, ఆ పల్లెల ప్రజల ఓర్పును అందులో ఉన్నది. వారిలో సగము మందికి టీకా లేనే లేదు. వారు తమకొరకు కాక, తరువాత పుట్టబోవు బిడ్డలకొరకు లెక్కలో నిలిచినవారు.

ఫలితము 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినది. ఫ్రిమోట్-మోలరుతో పాటు ఆచార్యులు, కేశవ పిళ్లె అను వారు దాని కర్తలు. తరువాతి సమీక్షకులు ఆ వ్యాసమునుండి గ్రహించిన లెక్క ఇది: టీకా వేసికొన్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చినది, వేసికొనని 5,808 మందిలో 47 మందికి వచ్చినది. అనగా వెయ్యికి ఒక వైపు ఆరున్నర, మరియొక వైపు ఎనిమిది. టీకావలన రోగము అయిదవ వంతు తగ్గినట్లు పైకి కనబడును.

కాని ఇక్కడ తొందరపడరాదు. 33కును 47కును నడుమ నున్న భేదము చిన్నది. నాణెమును పలుమార్లు ఎగురవేసినచో బొమ్మ, బొరుసు సరిగా సగము సగము పడవు గదా! అట్లే ఈ భేదమును కేవలము యాదృచ్ఛికముగ వచ్చియుండవచ్చును. గణితశాస్త్రపు సాధారణ సూత్రముతో మేము లెక్కవేసి చూడగా, ఈ అంకెలకు రెండు కొసలు కనబడినవి. టీకా రోగమును ఇంచుమించు సగమునకు తగ్గించియుండవచ్చును అనునది ఒక కొస. ఏమియు తగ్గింపక పోగా, టీకా వర్గములోనే రోగము పాతికవంతు హెచ్చుగ నుండవచ్చును అనునది మరియొక కొస. రెంటికిని ఈ అంకెలు చోటిచ్చుచున్నవి. కాబట్టి మదనపల్లె సాక్షి సత్యమే చెప్పినాడు గాని, ఆ ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుటకు వీలులేక పోయినది.

అదే 1950లో ఇంగ్లండు దేశమున వైద్య పరిశోధన మండలివారు బడి ముగించుచున్న పిల్లలపై ఇదే టీకాను పరీక్షించుట ప్రారంభించినారు. అక్కడ టీకా వేసికొన్న 13,598 మందిలో 62 మందికి మాత్రమే క్షయ వచ్చినది. వేసికొనని 12,867 మందిలో 248 మందికి వచ్చినది. నాలుగింట మూడు వంతులు రోగము తగ్గినది. ఇందులో సందేహమునకు తావు లేదు. కాని అమెరికాలోని జార్జియా, అలబామా రాష్ట్రములలో జరిగిన పరీక్షలో ఒక వైపు 27 మందికి, మరియొక వైపు 29 మందికి రోగము వచ్చినది. రెండు వర్గములును ఇంచుమించు సమానమే కాబట్టి టీకావలన ఒరిగినది దాదాపు లేదు.

ఈ చిక్కును విడదీయుటకు మన దేశములోనే మిక్కిలి పెద్ద పరీక్ష నొకటి తలపెట్టినారు. 1968లో మద్రాసు చెంత చెంగల్పట్టు జిల్లాలో అది మొదలైనది. ఎవరికి టీకా, ఎవరికి ఉత్తమందు అనునది చీటీలు తీసినట్లుగ నిర్ణయమైనది. సమీక్షకులు లెక్కలోనికి తీసికొన్నవారు ఒక్కొక్క వర్గమునకు 88,391 మంది. 1980 ప్రాంతమున వెలువడిన ఫలితము అందరిని నిశ్చేష్టులను చేసినది. టీకా వర్గములో 505 మందికి, టీకా లేని వర్గములో 499 మందికి క్షయ వచ్చినది. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఏమాత్రము ఆపలేక పోయినది.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునని మన పెద్దల మాట. కుండ ఒక్కటే, పొయ్యి ఒక్కటే అయినపుడు ఆ మాట నిజము. ఇక్కడ కుండలు వేరు, పొయ్యిలు వేరు, బియ్యమును వేరు. ఇంగ్లండు మెతుకు పట్టి చూచినవాడు ఉడికినదనును. చెంగల్పట్టు మెతుకు పట్టినవాడు ఉడకలేదనును. టీకాపై నమ్మకము గలవారు మొదటిదానిని, నమ్మకము లేనివారు రెండవదానిని ఎత్తిచూపుట మొదలిడినారు. ఎవరికి కావలసిన సాక్షిని వారు పిలుచుకొని వచ్చు చావడిలో న్యాయము జరుగునా?

సాక్షులను అందరిని పిలిచి, ఒకే నియమముతో విచారించి, ఒకే త్రాసులో తూచు పద్ధతికి క్రమబద్ధ సమీక్ష అని పేరు. దాని తొలి అడుగులలో ఒకటి మన దేశపు నేలపై పనిచేసిన సైనికుల లెక్కలతోనే పడినది. 1904లో ఇంగ్లండు గణితజ్ఞుడు కార్ల్ పియర్సన్, ఇండియాలోను దక్షిణాఫ్రికాలోను ఉన్న బ్రిటిషు సైనికులకు వేసిన టైఫాయిడు టీకా లెక్కలను ఒకచోట చేర్చి పరిశీలించినాడు. ఒక దళపు లెక్కకు మరియొక దళపు లెక్కకు పొంతన కుదరలేదు. ఉన్న సాక్ష్యము టీకాను అందరికిని వేయుడని చెప్పుటకు చాలదనియు, సరియైన పరీక్ష చేయవలెననియు ఆయన అభిప్రాయపడినాడు. తరువాత 70 ఏండ్లకు, 1976లో, అమెరికాకు చెందిన జీన్ గ్లాస్ ఇట్టి గణితమునకు మెటా-అనాలిసిస్ అను పేరు పెట్టినాడు.

వైద్యలోకము దీనిని తన పనిగ స్వీకరించుటకు ముఖ్యకారకుడు ఆర్చిబాల్డ్ కోక్రన్ అను బ్రిటిషు వైద్యుడు. ఆయనకును క్షయకును సంబంధము కలదు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులకు చిక్కి, ఖైదీల శిబిరములో క్షయరోగులకు చికిత్స చేసినాడు. ఊపిరితిత్తిని కూలదీయుట మొదలైన చికిత్సలు అపుడు వాడుకలో నుండెను. వాటివలన మేలు కలుగుననుటకు నిజమైన ఆధారము లేదనియు, అనవసరమైన చికిత్సతో కొందరు మిత్రుల ఆయుస్సును తానే తగ్గించితినేమో అనియు ఆయన తరువాత కాలమున వాపోయినాడు. 1972లో ఆయన వ్రాసిన గ్రంథము, 1979లో వ్రాసిన వ్యాసము వైద్యవృత్తినే మందలించినవి. జరిగిన పరీక్షలన్నింటిని శాఖలవారీగ కూర్చి, ఎప్పటికప్పుడు సరిచూచుకొను ఏర్పాటు వైద్యులకు లేకపోవుట తప్పని ఆయన చెప్పినాడు. 1993లో ఇంగ్లండులో ఆయన పేరిట కోక్రన్ సహకార సంస్థ ఏర్పడినది. ఆ సంస్థలో అంటువ్యాధులకు ఒక శాఖ కలదు. చిత్తూరు ప్రాంతపు రోగులకు చిరపరిచితమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో దక్షిణాసియా కేంద్రము వెలసినది. 2007లో భారత వైద్య పరిశోధన మండలి కోక్రన్ గ్రంథాలయమును మన దేశీయులందరు ఉచితముగ చదువుకొనుటకు ఏర్పాటు చేసినది.

ఇక బి.సి.జి. విషయము. 1994లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన గ్రాహం కోల్డిట్జ్, ఆయన సహచరులు ఈ పనిని చేపట్టినారు. మొదట 1,264 వ్యాసముల శీర్షికలను, సంగ్రహములను చూచినారు. టీకా వేసినవారు, వేయనివారు, ఇరువురును ఒకే కాలమున పరిశీలింపబడినారా? రెండు వర్గములను ఒకే శ్రద్ధతో కనిపెట్టినారా? వర్గములుగ విడదీసిన విధానము సరియైనదా? ఈ ప్రశ్నలు వేసి జల్లెడ పట్టగా 70 వ్యాసములు లోతైన పరిశీలనకు నిలిచినవి. మరల జల్లించగా 14 పరీక్షలు, వాటితోపాటు రోగులను ఆరోగ్యవంతులతో పోల్చిచూచిన 12 అధ్యయనములు మిగిలినవి. నియమములు ముందే వ్రాసికొనుట ఇందులో ముఖ్యము. ఫలితము చూచిన తరువాత నియమము మార్చినచో అది విచారణ కాదు, వకాలతు.

మదనపల్లె మార్కెట్టులో టమాటాలు కొనువారికి ఒక సంగతి తెలియును. గంపపైన పేర్చిన నాలుగు కాయలను చూచి బేరమాడినవాడు మోసపోవును. అడుగున నున్నవానిని తీసి చూడవలెను. శాస్త్రవిషయములోను ఇదే చిక్కు. మంచి ఫలితము వచ్చిన పరీక్ష త్వరగ అచ్చులోనికి ఎక్కును. ఏమియు తేలని పరీక్ష సొరుగులో మిగిలిపోవును. పైకాయలనే లెక్కపెట్టిన సమీక్ష టీకాకు లేని గొప్పను అంటగట్టును. మదనపల్లెవారు, చెంగల్పట్టువారు తమ పరీక్షలు ఆశించినంత ఫలము చూపకపోయినను, ఉన్నదున్నట్లు ప్రకటించినారు. పరిశోధకులకు ఇంతకుమించిన నిజాయితీ లేదు.

అన్నియు చేర్చి తూచగా ఏమి తేలినది? సగటున బి.సి.జి. టీకా క్షయ వచ్చు అవకాశమును సగమునకు తగ్గించుచున్నది. క్షయవలన కలుగు మరణములను 71 శాతము, మెదడు పొరలకు సోకు క్షయను 64 శాతము తగ్గించుచున్నది. కాని ఆ సమీక్ష ఈ సగటుతో సంతృప్తి చెంది ఊరకుండలేదు. సగటు లోతు మూడడుగులని విని ఏరు దాటబోయినవాడు నడుమ గుంతలో మునిగిపోవచ్చును. పరీక్షకు పరీక్షకు ఇంత భేదమెందుకు వచ్చినదని వారు వెదకినారు. అప్పుడు బయటపడినదే మనము మొదట చెప్పిన అంకె. ప్రతి పరీక్ష జరిగిన చోటి అక్షాంశమును ప్రక్కన వ్రాసి చూడగా, భూమధ్యరేఖకు దూరమైనకొలది టీకా బలము హెచ్చుచున్నట్లు కనబడినది. 55 డిగ్రీల దగ్గర కెనడాలో ఆదివాసుల శిశువులకు టీకా వేయగా 306 మందిలో ఆరుగురికే రోగము వచ్చినది, వేయని 303 మందిలో 29 మందికి వచ్చినది. 52 డిగ్రీల దగ్గర ఇంగ్లండు సంగతి విన్నాము. 13 డిగ్రీల దగ్గర మదనపల్లెలో స్వల్పము, చెంగల్పట్టులో శూన్యము. అక్షాంశము, పరీక్ష నాణ్యత అను రెండు విషయములతోనే పరీక్షల నడుమ భేదములో 66 శాతమునకు కారణము చెప్ప వీలైనది. మినహాయింపులును లేకపోలేదు. 19 డిగ్రీలలో నున్న హైతీలో టీకా చక్కగ పనిచేసినది.

అక్షాంశమను గీత నేలపై గీచినది కాదు, మందుపై దానికి ఏ అధికారమును లేదు. అది మరియొక కారణమునకు గుర్తు మాత్రమే. వెచ్చని ప్రాంతములలో మట్టిలోను నీటిలోను క్షయక్రిమికి జ్ఞాతులైన కొన్ని సాధుక్రిములు ఉండును. బిడ్డ మట్టిలో ఆడుకొనుచు, చెరువు నీటిలో ఈదుచు పెరుగునపుడు అవి దేహమునకు కొంత పరిచయమై, కొంత రక్షణ కలిగించును. అట్టి దేహమునకు తరువాత వేసిన టీకా అదనముగ చేయగలది కొంచెమే. ఎండి బీటలు వారిన చేనికి తడి పెట్టినచో వెంటనే పచ్చబడును, అప్పటికే తడిసిన చేనికి పెట్టిన నీరు కంటికి ఆనదు. 1966లో పామర్, లాంగ్ అను శాస్త్రజ్ఞులు గినీ పందులపై ప్రయోగములు చేసి ఈ ఆలోచనకు బలము కూర్చినారు.

ఇది నిజమైనచో, మట్టి పరిచయము కాకముందే, అనగా పుట్టగానే, టీకా వేయుట మేలు కావలెను. 2014లో వెలువడిన మరియొక సమీక్ష ఈ దిక్కుగనే చూపినది. శిశువులకు వేసినపుడు టీకా ఊపిరితిత్తుల క్షయను సుమారు 59 శాతము, క్రిమి సోకలేదని గట్టిగ నిర్ధారించిన బడిపిల్లలకు వేసినపుడు సుమారు 74 శాతము తగ్గించినది. పెద్దవారిలో ఆ బలము కనబడలేదు. 2022లో 17 దేశములకు చెందిన 26 అధ్యయనములనుండి, రోగులతో కలసి మెలగిన 68,552 మంది వివరములను ఒక్కొక్కరివిగ చేర్చి మరల చూచినారు. పుట్టుకలో వేసిన టీకా రక్షణ అయిదేండ్ల లోపు పిల్లలకే స్పష్టముగ నున్నదనియు, అది 37 శాతమనియు తేలినది. అంకెలు కొంత మారినను మాట ఒక్కటే. ఈ టీకా పసిబిడ్డలకు కవచము, పెద్దలకు కాదు.

ఇపుడు 1955 నాటి తగవును మరల చూడుడు. ఇరుపక్షములును కొంత నిజమునే పట్టుకొన్నవి. పెద్దయెత్తున టీకా వేసినంత మాత్రమున దేశములో క్షయ అంతరించునన్న ఆశ నెరవేరలేదు. ఆధారములు చూపుడని ప్రభుత్వమును నిలదీయుటయు తప్పు కాదు. కాని టీకాను వదలివేసియున్నచో మెదడుకు సోకు క్షయతో ఎందరో పసివారు బలియైయుందురు. ఏ పక్షము గెలిచినదని కాక, ఏ వయస్సున, ఏ రూపమైన రోగమునకు, ఎంత మేలు అని ప్రశ్నను విడదీసి అడుగుట నేర్పినది ఈ సమీక్షా పద్ధతి.

సాక్ష్యమును మన్నించుట అనగా, అది మనకు గిట్టనిది చెప్పినను మన్నించుట. అందుకు క్షయ చరిత్రలోనే మరియొక నిదర్శనము కలదు. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రమువారు 193 మంది రోగులను తీసికొని, కొందరిని శానటోరియములోను, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచియు ఒకే మందులతో ఒక సంవత్సరము చికిత్స చేసినారు. 1959లో ప్రకటించిన ఫలితము ప్రకారము ఇంటివైద్యము శానటోరియము వైద్యమునకు చెప్పుకోదగినంతగ తీసిపోలేదు. ఇంటిలోనివారికి అందువలన రోగము హెచ్చుగ అంటలేదు. కొండగాలి, పడక విశ్రాంతి ఇవే ప్రాణాధారమని నమ్మి కట్టిన శానటోరియములకు ఇది చేదుమాట. అయినను లోకము దానిని అంగీకరించినది. పడక దొరకక వెనుదిరిగిన లక్షలమంది పేదలకు ఆ చేదుమాటయే ఔషధమైనది. ఆరోగ్యవరము సర్వరోగములకును చికిత్స చేయు వైద్యకేంద్రముగ మారినది.

నేడు మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పములోగాని ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు తల్లి ప్రక్కనుండి కదలకముందే ఎడమ భుజముపై బి.సి.జి. సూది వేయుదురు. కొన్ని వారములకు అక్కడ చిన్న పొక్కు లేచి, మాని, మచ్చ మిగులును. ఆ మచ్చను చూచి, ఇక ఈ బిడ్డకు జీవితాంతము క్షయ రాదని అనుకొనరాదు. రెండు వారములకు మించి దగ్గు విడువకున్నచో కఫపరీక్ష చేయించుకొనుటయు, మందును నడుమ ఆపక పూర్తిగ వాడుటయు ప్రతి యింటికిని విధులు. టీకా ఎంతవరకు కాచునో తెలియుట, ఎక్కడనుండి మన జాగ్రత్త మొదలు కావలెనో తెలియుటయే.

ఇంత తెలిసికొనుటకు మదనపల్లె పల్లెలలో 10,877 మంది ఏండ్ల తరబడి లెక్కకు నిలిచినారు. వారిలో 80 మందికి రోగము వచ్చినది. వారి పేర్లు ఏ పట్టికలోను లేవు. ఒక వైపు 33, మరియొక వైపు 47, ప్రక్కన 13 డిగ్రీలు అని మాత్రమే ఉన్నది. ఆ ఒక్క పంక్తి తనంతట తాను ఏమియు తేల్చలేదు. కాని దానిని తీసివేసినచో ప్రపంచపు లెక్కలో వెచ్చని దేశముల మాట ఆ మేరకు కొరవడును.